వాన ఏ మడిలో పడుతుంది?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన గురించి కోదాడ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కార్లు వరదలో కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. దీనంతటికీ కారణమైన వాయుగుండం తీరం దాటింది మాత్రం ఇక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కళింగపట్నం దగ్గర.

సహాయం అందించే మనలాంటి వాళ్లకు ఇక్కడే చిక్కు. "సూర్యాపేట జిల్లాలో భారీ వర్షాలు" అని ముందు రోజు చెబితే బియ్యం, దుప్పట్లు ఎక్కడ దించాలి? కోదాడలోనా, సూర్యాపేటలోనా? రెండింటి మధ్య గాలిదారిన సుమారు 40 కిలోమీటర్లు. వాన ఒక ఊరిని ముంచి మరో ఊరిని వదిలేయడానికి అంత దూరం చాలు. వాతావరణ అంచనా ఇంకా సన్నగా ఎందుకు చెప్పలేకపోతోందో, ఇప్పుడు ఎంతవరకు చెప్పగలుగుతోందో దాతలు తెలుసుకోవడం మంచిదని ఈ పాఠం రాస్తున్నాం.

కంప్యూటరు ఆకాశాన్నంతా ఒకేసారి లెక్క కట్టలేదు. పొలాన్ని మడులుగా కట్టినట్టు భూమి మీది గాలిని గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడికీ, ఒక్కో ఎత్తులో, ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ, ఒకే గాలి వేగం. గట్టు మీదుగా పక్క మడిలోకి నీరు దిగినట్టు, ఒక గడిలోని గాలీ వేడీ కొన్ని నిమిషాల్లో పక్క గడికి ఎంత చేరతాయో లెక్కిస్తుంది. అలా మళ్లీ మళ్లీ లెక్కిస్తూ రేపటికి చేరుకుంటుంది. ఈ పద్ధతిని మొదట చేత్తో చేసి చూసినవాడు ఇంగ్లాండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులను అంబులెన్సులో చేరవేస్తూనే ఆ లెక్క చేశాడు. జవాబు ఘోరంగా తప్పింది. అయినా దాచకుండా 1922లో పుస్తకంగా అచ్చు వేశాడు. నేటి అంచనాలన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

గళ్లు చదరంగం పలకలా సమానంగా ఉంటే సరిపోదా? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి సరిపోదు. రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరపడతాయి. మన సూర్యాపేట దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు దాదాపు 106 కిలోమీటర్లు, 80 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 19 మాత్రమే. గడి చిన్నదైతే గాలి దాన్ని త్వరగా దాటేస్తుంది, అందుకని కాలాన్ని కూడా చిన్న ముక్కలుగా కోయాలి. అంటే ఎవరూ ఉండని ధ్రువం దగ్గరి ఇరుకు గళ్ల కోసం భూమి మొత్తానికి లెక్క పెరుగుతుంది. మన డబ్బు అక్కడ ఖర్చవుతుందన్నమాట!

అందుకే శాస్త్రజ్ఞులు సమచతురస్రాలను వదిలిపెట్టారు. జర్మనీ వాతావరణ శాఖ 2015 నుంచి 'ఐకాన్' నమూనాలో త్రిభుజాలు వాడుతోంది. అమెరికాలో తయారైన 'ఎంపాస్' నమూనాలో తేనెపట్టులాంటి షట్కోణాలు ఉంటాయి. వీటితో పెద్ద సౌకర్యం ఏమిటంటే, కావలసిన ప్రాంతంలో గళ్లను క్రమక్రమంగా సన్నం చేయవచ్చు. నారుమడి చిన్నగా, దూరపు చెలక పెద్దగా ఉన్నట్టు. పాత పద్ధతిలో పెద్ద గళ్ల మధ్య చిన్న గళ్ల పెట్టెను అతికించేవారు, ఆ అతుకు దగ్గర లెక్క చెదిరేది. కొత్త పద్ధతిలో అతుకు లేదు. కష్టం లేకపోలేదు: ఏ గడికి ఏది పొరుగో జాబితా రాసిపెట్టుకోవాలి, పెద్ద గడిలో మేఘాన్ని లెక్కించే సూత్రం చిన్న గడిలోనూ పనిచేయాలి.

మన దేశం సంగతి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేసిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' 2025 మే 26న ప్రారంభమైంది. ఇది ప్రపంచమంతటినీ లెక్కించే నమూనా. ఇందులో ధ్రువం వైపు వెళ్లేకొద్దీ ఒక్కో అక్షాంశం మీద బిందువుల సంఖ్య తగ్గుతుంది, ఆ వృథా ఉండదు. గడి వెడల్పు అంతకుముందు 12 కిలోమీటర్లు, ఇప్పుడు 6. సగమే కదా అనిపిస్తుంది గానీ, గళ్లు నాలుగింతలు, కాలపు ముక్కలు రెండింతలు, మొత్తం ఎనిమిదింతల లెక్క. కోదాడ, సూర్యాపేటల మధ్య ఇదివరకు మూడు గళ్లకు కాస్త ఎక్కువ పట్టేవి, ఇప్పుడు ఆరేడు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు దాదాపు ఐదు.

అలాగని ప్రతి ఊరి వానా తెలిసిపోతుందనుకోకూడదు. ఏ నమూనా అయినా తన గడికి ఐదారింతలున్న మేఘ సమూహాన్నే నమ్మకంగా పట్టగలదు. ఆరు కిలోమీటర్ల గళ్లలో వాయుగుండం బాగా కనిపిస్తుంది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఆరబోసిన ధాన్యం మీద వేసవి సాయంత్రం విరుచుకుపడే ఒంటరి ఉరుముల మేఘం దొరకడం కష్టం. దానికి రాడారే దిక్కు, అదీ గంటో రెండు గంటలో ముందు. బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అని ఉంటే, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించవని అర్థం. "అతి భారీ" అనే హెచ్చరికను ఈ మాటతో కలిపి చదవాలి: జిల్లాలో ఎక్కడో కుంభవృష్టి ఉంది, అది మన వీధే కావచ్చు.

మరొకటి. వాన ఎంతో చెప్పే నమూనాకు కాలువ కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో తెలియదు, కల్వర్టు కింద పూడిక ఎంతుందో తెలియదు, వాగు ఒడ్డున ఎన్ని ఇళ్లున్నాయో తెలియదు. అవి కాలువ లస్కరుకు, ఆ బస్తీలో ఉండేవాళ్లకు తెలుసు. వర్షాకాలానికి ముందే వాళ్ల ఫోను నంబర్లు మసీదు కమిటీ దగ్గర, బియ్యం నిల్వ ఉన్న గది తాళంచెవి పక్కనే, రాసి ఉండాలి.