ఒక్కరోజులో మూడు క్షేత్రాలు: నేను చెప్పిన ప్లాన్ గురించి



"అన్నా, వేములవాడ, కొండగట్టు, ధర్మపురి మూడూ ఒక్కరోజులో అవుతాయా? పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి రాత్రికి ఇంటికి వచ్చేయాలి." ఇలాంటి మెసేజ్‌లు మన ఛానల్‌కి ప్రతి వారం వస్తూనే ఉంటాయి. అవుతాయండీ. నేనే చేశాను, నేనే వీడియో పెట్టాను. ఎక్కడ టిఫిన్ చెయ్యాలి, ఎన్ని గంటలకి ఏ గుడి దగ్గర ఉండాలి, అంతా నిమిషాలతో సహా చెప్పాను. ఆ వీడియో చూసి వెళ్ళొచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. ఈసారి పాఠంలో ఆ వీడియోనే సరిదిద్దాలి అనుకుంటున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఆసుపత్రుల్లో మిషన్లు రిపేర్ చేసే సర్వీస్ ఇంజనీర్‌ని. నెలలో పది రోజులు కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ మధ్య తిరుగుతూ ఉంటాను. ఎక్కువ ఆర్టీసీ బస్సే, అప్పుడప్పుడు తెలిసినవాళ్ళ బండి. ఛానల్ పని సెలవు రోజుల్లో. అందుకే ఈ దారిలో గుళ్ళన్నీ నాకు తెలుసు అనుకునేవాడిని.

చదువయ్యాక రెండేళ్ళు నాకు ఉద్యోగం లేదు. అప్పుడు అమ్మ ఎములాడ రాజన్నకి మొక్కుకుంది. కొడుక్కి కొలువు దొరికితే కోడెను కడతానని, ఒక రాత్రి ఆయన దగ్గర నిద్ర చేస్తానని. సిటీలో పెరిగిన వాళ్ళకి ఇది తెలియకపోవచ్చు. వేములవాడలో కోడె మొక్కు చాలా పెద్దది. కోడెదూడను పట్టుకుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, స్వామి దగ్గర కట్టేసి దణ్ణం పెట్టుకుంటారు. శివుడి వాహనం నంది కదా, ఆయనది ఆయనకే అప్పజెప్పడం. ఇక నిద్ర చెయ్యడం అంటే క్షేత్రంలో ఒక రాత్రి పడుకోవడం. అంతే, వేరే తంతు ఏమీ లేదు.

ఉద్యోగం వచ్చాక అమ్మని కారులో తీసుకెళ్ళాను. కోడెను కట్టించాను, బాగా షూట్ చేశాను కూడా. పదిన్నరకి, "అమ్మా, పోదాం, కొండగట్టులో లైన్ పెరుగుతది" అన్నాను. అమ్మ ధర్మగుండం వైపు చూస్తూ, "నిద్ర చెయ్యాలె కద బిడ్డా" అంది. "మళ్ళీ వచ్చినప్పుడు చేద్దాంలే" అన్నాను. ఆమె ఇంకేం అనలేదు, కారెక్కింది. కొండగట్టు అంజన్న దర్శనం అయింది. ధర్మపురి చేరేసరికి సాయంత్రమైంది, అమ్మ మోకాళ్ళు వాచాయి. "నువ్వు పోయిరా, నేను కార్లనే కూసుంటా" అంది. నేను వెళ్ళి నరసింహస్వామిని చూసి, గోదావరి దగ్గర రెండు షాట్లు తీసుకుని వచ్చాను. రాత్రి పదకొండుకి ఇంట్లో ఉన్నాం. వీడియోలో "మూడు క్షేత్రాలు, పదిహేడు గంటలు" అని థంబ్‌నెయిల్ పెట్టాను. అమ్మ కారులోనే కూర్చున్న సంగతి వీడియోలో లేదు.

ఆ రోజు మేము వదిలేసింది నిద్ర ఒక్కటే కాదు. వేములవాడ వెయ్యేళ్ళ కిందట చాళుక్య రాజుల రాజధాని. కన్నడ ఆదికవి పంప ఇక్కడి అరికేసరి ఆస్థానంలో ఉండి 941లో విక్రమార్జున విజయం రాశాడు. పంప తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద రాతిపై ఇప్పటికీ ఉంది. సంస్కృతం, కన్నడ, తెలుగు మూడూ ఉన్న శాసనం అది. అందులో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. తెలుగులో కందం ఎంత పాతదో చెప్పాల్సి వస్తే పండితులు ముందు ఆ గుట్టనే చూపిస్తారు. గంగాధర మీదుగా నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు.

ఇప్పుడు కాస్త శాస్త్రం చూద్దాం. తీర్థం అనే మాట "దాటడం" అనే అర్థం ఉన్న ధాతువు నుంచి వచ్చింది. తీర్థం అంటే మొదట నదిని దాటే చోటు, మన మాటలో రేవు. గుడి, కోనేరు, ప్రసాదం అనే అర్థాలన్నీ తర్వాత చేరాయి. మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రా పర్వం ఉంది. పులస్త్యుడు భీష్ముడికి చెప్పినదాన్ని నారదుడు ధర్మరాజుకి వినిపిస్తాడు. అక్కడ పులస్త్యుడు చెప్పే ఒక విషయం ఏమిటంటే, యజ్ఞాలు చెయ్యాలంటే సంపద కావాలి, సామగ్రి కావాలి, అవి రాజులకో సంపన్నులకో సాధ్యం. బీదవాడికి కూడా అందే మార్గం తీర్థయాత్ర. ఇంకో విషయం, ఎవరి చేతులు, కాళ్ళు, మనసు అదుపులో ఉంటాయో వాళ్ళకే తీర్థఫలం. ఎన్ని తీర్థాలు తిరిగారు అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

చేతులు, కాళ్ళు అదుపులో ఉండటం అంటే ఏమిటో నాకు పుస్తకంలో అర్థం కాలేదు. ఉట్నూరు దారిలో అర్థమైంది.

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా మొదలవుతుంది. లక్షెట్టిపేట, జన్నారం, అక్కడి నుంచి అడవి. అది కవ్వాల్ టైగర్ రిజర్వ్. ఒక జనవరిలో నేను తెలిసినవాళ్ళ బైక్ మీద ఉట్నూరు వెళ్తున్నాను. రోడ్డు పక్కన తెల్లబట్టల్లో మనుషులు వరుసగా నడుస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, కాళ్ళకి చెప్పుల్లేవు. వాళ్ళు మెస్రం వంశం గోండులు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా వాళ్ళ దేవుడు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ, అప్పుడే జాతర. ఆ పూజకి కావాల్సిన గోదావరి నీళ్ళు జన్నారం మండలంలో కలమడుగు దగ్గరున్న హస్తినమడుగు నుంచి తేవాలి. నడిచి వెళ్ళి, ఝరి అనే పాత్రలో నింపుకుని, నడిచే రావాలి.

నేను బైక్ ఆపి, వరుస వెనక వస్తున్న ఒక కుర్రాడిని పలకరించాను. డిగ్రీ చదువుతున్నాడట. "రామ్ రామ్" అన్నాడు, వాళ్ళ పలకరింపు అదే. నా బుర్రలో ఉన్నది అడిగేశాను. "జీప్‌లో తెచ్చుకుంటే రెండు గంటల పని కదా తమ్ముడూ?" అతను నవ్వాడు. "నీళ్ళే కావాలంటే కేస్లాపూర్‌ల బోరు ఉన్నది కద సార్."

అంతే అన్నాడు, వరుసలో కలిసిపోయాడు. నా చేతిలో ఫోన్ ఉంది కానీ రికార్డ్ చెయ్యాలనిపించలేదు.

తర్వాతి సంవత్సరం జాతరకే వెళ్ళాను. గోదావరి నీళ్ళు వచ్చాక మెస్రం వాళ్ళు నేరుగా గుడిలోకి పోరు. మర్రిచెట్ల కింద దిగి అమావాస్య దాకా ఆగుతారు. పూజకి కుండలు సిరికొండ కుమ్మరి ఇంటి నుంచే రావాలి, తరాలుగా అదే ఇల్లు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా వంటకి 22 పొయ్యిలే. ఒకరి వంట అయ్యేదాకా ఇంకొకరు ఆగాలి. నేను చూస్తుండగా ఒక పెద్దావిడ గిన్నె పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుంది, ఆమె ముఖంలో విసుగు లేదు. మనం దర్శనం లైన్లో పదిహేను నిమిషాలు నిలబడితే ఎన్నిసార్లు టైమ్ చూసుకుంటాం!

వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళని తెల్లచీరల్లో తీసుకొచ్చి నాగోబాకి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. పెళ్ళితో అయిపోదు, ఆమె దేవుడికి కూడా తెలియాలి. ఆ పరిచయం అయ్యాకే ఆమెకి పూజలో చోటు. రాతితో కట్టిన ఇప్పటి గుడి మెస్రం వాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నదే, 2022 చివర్లో ప్రారంభమైంది.

జాతరలో దర్బార్ కూడా జరుగుతుంది, అధికారులు వచ్చి ఆదివాసీల సమస్యలు వింటారు. దాని వెనక పెద్ద కథ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడిని పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఆయన సలహా మీదే 1940ల్లో ఈ దర్బార్ మొదలైంది. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇంద్రవెల్లిలో ఇంకో గుర్తు ఉంది, 1981 ఏప్రిల్ 20 పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఆదివాసీల స్తూపం. నాగోబాకి వెళ్ళేవాళ్ళు దాన్ని చూసి వెళ్ళండి. భక్తి వీడియోలో ఇదెందుకు అని కొందరు అడగొచ్చు. ఆ దేవుడి పిల్లల కథ అది, అందుకే.

కాళ్ళ సంగతి కేస్లాపూర్‌లో తెలిస్తే, చేతుల సంగతి బాసరలో తెలిసింది. బాసర అంటే మనకి అక్షరాభ్యాసం, పలకా బలపం, ఫొటోలు. వ్యాసుడు గోదావరిలో స్నానం చేసి గుప్పిళ్ళతో ఇసుక తెచ్చి అమ్మవారిని నిలిపాడని స్థలపురాణం. కానీ అక్కడ మధుకర దీక్ష అని ఒకటి ఉంది. దీక్షలో ఉన్నవాళ్ళు గోదావరి స్నానం చేసి, అమ్మవారిని సేవించుకుని, ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి భిక్ష అడిగి అదే తింటారు. కొందరు 11 రోజులు, కొందరు 21, కొందరు 41. మధుకరం అంటే తేనెటీగ. ఏ పువ్వునీ ఖాళీ చెయ్యకుండా తలా కొంచెం తీసుకుంటుంది, ఆ పేరు అందుకే.

అక్కడ నా వయసువాడే ఒకతను కనిపించాడు, బెంగళూరులో ఐటీ ఉద్యోగం. "మొదటి రోజు ఏ గడప ముందూ గొంతు లేవలేదు బ్రో" అన్నాడు. ఒక ఇంట్లో అమ్మమ్మ లోపల్నుంచే చూసి, అతను అడగకముందే అన్నం తెచ్చి వేసిందట. "థ్యాంక్స్ చెప్పబోయాను, ఆవిడే నాకు దణ్ణం పెట్టింది" అన్నాడు. ఇచ్చే చెయ్యిగా ఉండటానికి మనం అలవాటు పడ్డాం. హుండీలో వేస్తాం, అన్నదానానికి ఆన్‌లైన్‌లో పంపిస్తాం. చెయ్యి చాపడం అంతకంటే కష్టమైన సాధన అని నాకు అనిపించింది. నేను చెయ్యలేదు. ధైర్యం చాల్లేదు, ఉన్నమాట చెప్తున్నాను.

ఇక మనసు. దానికి మళ్ళీ వేములవాడ రావాల్సిందే.

పోయిన కార్తీకంలో అమ్మతో, "ఈసారి నిద్ర చేద్దాం" అన్నాను. కారు వద్దంది. 2023 డిసెంబర్ నుంచి మహిళలకి బస్సులో టికెట్ లేదు కదా, ఆ తర్వాత అమ్మ తన దోస్తులతో తిరగడం నేర్చుకుంది. జేబీఎస్‌లో బస్సెక్కాం, నాకు టికెట్, ఆమెకి జీరో టికెట్. ఆ సంగతి దారంతా అందరికీ చెప్పి నవ్వింది. వేములవాడలో దిగి, ధర్మగుండంలో స్నానం చేసి, దర్శనం చేసుకుని, గండదీపంలో నూనె పోసి, గుడి ఆవరణలో ఉన్న దర్గా దగ్గర కూడా ఒక నిమిషం ఆగి దణ్ణం పెట్టుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకి అదే అలవాటు.

రూమ్ తీసుకుందాం అంటే వినలేదు. నలుగురు పడుకున్న చోటే చాప పరిచింది. దోమలు, చలి, ఎవరో చంటిపిల్ల ఏడుపు. ఒంటిగంట దాకా నాకు నిద్రపట్టలేదు. పక్కన నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఒకామె, ఆ చంటిపిల్ల అమ్మమ్మ. అమ్మ, ఆమె మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నేను పడుకున్నాననుకుని అమ్మ చెప్తోంది. "రెండేండ్లు సోమారం ఒక్కపొద్దున్న అక్కా. పోరనికి తెల్వది. తెలిస్తే బాధపడ్తడని చెప్పలే. కడుపు నొస్తుందని అబద్ధం ఆడుదు." ఆ ఆడవాళ్ళిద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నిర్మల్ ఆమె, "ఇగ పండుకో చెల్లె, తీరింది కద" అంది.

ఆ రెండేళ్ళూ నేను సోమవారం సోమవారం అమ్మ మీద విసుక్కునేవాడిని. తినదు, అడిగితే కడుపునొప్పి అంటుంది, డాక్టర్ దగ్గరికి రమ్మంటే రాదు అని. గట్టిగా అరిచిన రోజులూ ఉన్నాయి. దుప్పటి ముఖం మీదికి లాక్కుని అలాగే పడుకున్నాను. తెల్లారుజామున అమ్మ లేపింది, కోడెల దగ్గరికి జనం అప్పుడే వస్తున్నారు. విన్నానని నేను చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ వన్ డే వీడియో తీసేశాను. ప్లాన్ అడిగేవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పేది ఇది: వేములవాడ ఒక్కటే పెట్టుకోండి, రాత్రి అక్కడే ఉండండి. ఇంకో నెల ధర్మపురి. అక్కడ గుడిలో యమధర్మరాజుకి కూడా సన్నిధి ఉంది, ధర్మపురికి పోయినోడికి యమపురి ఉండదని మనవాళ్ళు అనేది అందుకే. ఆ స్వామి మీదే శేషప్ప నరసింహ శతకం చెప్పాడు. వెళ్ళేముందు కొన్ని పద్యాలు చదువుకుని వెళ్ళండి, గోదావరి ఒడ్డున ఒక పూట కూర్చోండి. 2015 పుష్కరాలప్పుడు అక్కడ జనసముద్రం, మళ్ళీ 2027లో వస్తున్నాయి, కూర్చోవాలంటే అంతకుముందే వెళ్ళాలి. పెద్దవాళ్ళని తీసుకెళ్తే బయల్దేరే ముందే అడగండి, "అమ్మా, నీ మొక్కు ఏంది?" అని. మొత్తం చెప్పనివ్వండి. అమ్మ ఈసారి ధర్మపురి లోపలికి నడిచి వస్తానంటోంది. మోకాళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం.