కడుపు బిగబట్టడం ఎట్ల?

పోయిన సంక్రాంతి సెలవులకు కోడుమూరు పోయినప్పుడు నేను మంచి ధీమా మీద ఉన్నాను. హాస్టల్లో నాలుగు నెలల పాటు రోజూ రాత్రి వంద క్రంచెస్ తీశాను మరి. అద్దంలో చూసుకుంటే పొట్ట మీద నాలుగు పలకలు కనిపిస్తున్నాయి (ఆరు కాదు, నాలుగే. అబద్ధం ఎందుకు). హంద్రీ ఇసకలో పిల్లోళ్ళు కబడ్డీ ఆడుతుంటే నేనూ దిగినాను. మొదటి రెయిడ్‌లో కూత పది సెకన్లకే తెగిపోయింది. రెండోసారి మడమ దొరకగానే నడుము దగ్గర మడత కుర్చీలాగా మడుచుకుని కింద పడినాను. పట్టినోడు ఇంటర్ పిల్లోడు, నాకంటే సన్నం. గట్టు మీద కూర్చున్న మామ ఒకాయన నవ్వి, "ఏమప్పా, కడుపు బిగబట్టుకోకుండా ఆటలోకి ఎట్ల దిగినావ్?" అన్నాడు.

బిగబట్టడం అంటే పొట్టను లోపలికి పీల్చడం అనుకునేవాణ్ణి. అది కాదని తర్వాత చదివితే తెలిసింది. ముందు మీరొక పని చేయండి. రెండు చేతుల వేళ్ళను నడుము పక్కలకు, తుంటి ఎముకకు కాస్త పైన గట్టిగా అదిమి, ఒక్కసారి దగ్గండి. వేళ్ళను లోపలి నుంచి ఏదో బయటికి నెట్టింది కదా? దగ్గకుండానే, కావాలని, ఆ బిగువు తెచ్చుకోగలిగితే అదే బిగబట్టడం.

అద్దంలో కనిపించే పలకల కండరం పేరు రెక్టస్ అబ్డామినిస్. పక్కటెముకల నుంచి కటి ఎముక వరకు నిలువుగా ఉంటుంది. దాని పని ముఖ్యంగా ఒంటిని ముందుకు వంచడం. పక్కల ఏటవాలుగా ఉండేవి ఆబ్లిక్స్, ఒళ్ళు తిప్పడానికీ, తిరగకుండా ఆపడానికీ. వీటన్నిటికీ లోపల, నడుము చుట్టూ పంచె చుట్టినట్టు అడ్డంగా ఉండేది ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. దీన్ని ఎవరూ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకోరు, ఎందుకంటే కనిపించదు. పైన మూతలాగా ఉదరవితానం, కింద అడుగులాగా కటి కండరాలు, వెనక వెన్నెముకను పట్టుకుని ఉండే చిన్న చిన్న కండరాలు. అన్నీ కలిపి ఒక డబ్బా అనుకోండి. ఊపిరి తీసుకుని అన్ని వైపులా ఒకేసారి బిగిస్తే డబ్బా లోపల ఒత్తిడి పెరిగి, వెన్నెముకకు లోపలి నుంచే ఆసరా దొరుకుతుంది. గాలి నిండిన టైరు మీద బరువు పెడితే నిలుస్తుంది, గాలి తక్కువైతే అణిగిపోతుంది. అంతే తేడా.

1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి రాశారు. మనిషిని నిలబెట్టి చెయ్యి ఎత్తమంటే, చేతి కండరం కంటే ముందే ఈ లోపలి ట్రాన్స్‌వర్సస్ పని మొదలుపెడుతోంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళలో మాత్రం ఆలస్యంగా మొదలవుతోంది. మెయిన్ ప్రోగ్రామ్ రన్ అయ్యాక లైబ్రరీ లోడ్ అయినట్టు! (మా బ్రాంచి వాళ్ళకు ఈ బాధ తెలుసు.)

ఇక ఆటలోకి వద్దాం. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. 130 కిలోలంటే 50 కిలోల బస్తాలు రెండున్నర కంటే ఎక్కువ, నెత్తి మీదికి! మనం భుజాలనో చేతులనో మెచ్చుకుంటాం గానీ ఆ బలంలో ఎక్కువ భాగం కాళ్ళలో పుడుతుంది. కాళ్ళకూ భుజాలకూ మధ్యలో ఉన్నది నడుమే. అది మెత్తగా ఉంటే కింద పుట్టిన బలం పైకి చేరకముందే చిల్లు పడిన పైపులో నీళ్ళలాగా కారిపోతుంది. కడుపు కండరాలు ఆటగాడికి కావాల్సింది వంగడానికి కంటే వంగకుండా ఉండడానికి. నేను నాలుగు నెలలు చేసిన సాధన సరిగ్గా దీనికి ఉల్టా.

లిఫ్టర్లు కట్టుకునే బెల్టు ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. అది వీపును పట్టుకోవడానికి అనుకుంటాం. నిజానికి కడుపు బిగబట్టినప్పుడు నెట్టడానికి దానికొక గోడ కావాలి, బెల్టు ఆ గోడ. మా నాయన మార్కెట్లో బస్తాలు మోస్తాడు. పొద్దున్నే తుండుగుడ్డ నడుముకు బిర్రుగా చుట్టి, బస్తా కిందికి వంగేముందు "హుఁ" అని ఊపిరి బిగించడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అలవాటనుకున్నా. అది ఒలింపిక్ టెక్నిక్కే అనమాట. మరి అంత తెలిసిన మనిషికి రెండేళ్ళుగా నడుము నొప్పి ఎందుకు? అడిగితే, "సాయంత్రానికి అలసిపోతాం, అప్పుడు ఊపిరి ఎవడు చూసుకుంటాడ్రా" అన్నాడు. నేను చదివిన ఏ వ్యాసం కంటే ఈ మాటే నాకు ఎక్కువ నేర్పింది. కడుపుకు ఒక్కసారి బిగించే బలం చాలదు, చాలాసేపు నిలిచే ఓపిక కూడా కావాలి.

కబడ్డీలో ఇంకో చిక్కు ఉంది. లిఫ్టరు ఊపిరి ఆపి ఎత్తొచ్చు. రెయిడర్‌కు ఆ వీలు లేదు. 30 సెకన్ల రెయిడ్, కూత తెగకూడదు. గాలి కొంచెం కొంచెంగా బయటికి వదలాలంటే కడుపు కండరాలే ఉదరవితానాన్ని పైకి నెట్టాలి. అదే సమయంలో ఎవడైనా మడమ పడితే నడుమును నిలబెట్టాల్సింది కూడా అవే. ఒకే కండరానికి రెండు డ్యూటీలు. నా రెండు ఓటములకూ మూలం ఒక్కచోటే ఉందన్నమాట.

సాధన విషయానికొస్తే, కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పనిచేసిన స్టూవర్ట్ మెగిల్ చెప్పిన మూడు వ్యాయామాలు నేను చేస్తున్నాను. మొదటిది కర్ల్ అప్. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, చేతులు నడుము కింద పెట్టి, తలా భుజాలూ నేల నుంచి కాస్త లేపితే చాలు, లేచి కూర్చోకూడదు. రెండోది సైడ్ ప్లాంక్, మోచేతి మీద పక్కకు నిలవడం. కొత్తవాళ్ళు మోకాళ్ళు ఆనించుకోవచ్చు. మూడోది బర్డ్ డాగ్. చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాచి, తర్వాత మార్చాలి. నడుము మీద గ్లాసుడు నీళ్ళు పెట్టినా ఒలకకూడదు. ప్రతిదీ పది సెకన్లకు మించి పట్టొద్దు. ముందు 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్ళీ 2. అలసిపోయి వంకరగా చేసేదానికంటే తక్కువ చేయడం మేలు.

దీనికి నేను ఒకటి కలుపుకున్నా. ఒక చేత్తో నిండు బకెట్టు పట్టుకుని, ఒళ్ళు ఆ వైపు ఒరగకుండా కారిడార్ చివరి దాకా నడవడం. రెండో వైపు ఆబ్లిక్స్‌కు పని దొరుకుతుంది. మా ఊర్లో ఆడవాళ్ళు చంకన బిందెతో రోజూ చేసేదే ఇది, వాళ్ళకు ఎవరూ జిమ్ అని చెప్పలేదు. కబడ్డీ ఆడేవాళ్ళయితే సైడ్ ప్లాంక్‌లో ఉండగానే కూత పెట్టి చూడండి. రూమ్మేట్లు నవ్వుతారు, నవ్వనీయండి.

వీటితో పొట్ట కొవ్వు కరుగుతుందని మాత్రం అనుకోవద్దు. పనిచేసిన చోటే కొవ్వు కరగదు. బీపీ, హెర్నియా ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తకూడదు. నొప్పి నడుము నుంచి కాలిలోకి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా వ్యాయామం ఆపి డాక్టర్‌కు చూపించాలి. నాయనకు కూడా ముందు డాక్టర్‌కు చూపించి, సరేనన్నాకే ఇవి నేర్పినాను.

మొన్న ఫోన్ చేస్తే అవ్వ ఎత్తింది. "మీ నాయనకు ఏం నేర్పిచ్చినావ్‌రా, పొద్దున్నే వసారాలో పసిపిల్లోని మాదిరి అంబాడుతుండాడు" అంది. వెనక నుంచి నాయన గొంతు, "ఎనిమిది… తొమ్మిది…"