పొలములో అమ్మోనియా ట్యాంకు: పరీక్షింపవలసిన విధము

విద్యార్థులారా! తెల్లవారుజామున పశువుల కొట్టములో అడుగిడగానే ముక్కునకు సోకు ఘాటైన వాసనను మీరెరుగుదురు. అది అమ్మోనియా వాయువుది. మన పొలములలో చల్లు యూరియా ఈ వాయువునుండియే తయారగుచున్నది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అమ్మోనియాలో 82 పాళ్లు. అందువలన అమెరికాలోని అయోవా, ఇల్లినాయ్ రాష్ట్రములలో పలువురు మొక్కజొన్న రైతులు అమ్మోనియానే నేరుగా నేలలోనికి ఎక్కించుచున్నారు. దానిని నిలువచేయు ట్యాంకులను ఎట్లు పరీక్షింపవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

అమ్మోనియా సున్నకు దిగువ 33 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. కనుక దానిని ద్రవముగా నిలుపుటకు ఉక్కు ట్యాంకులో ఒత్తిడితో బంధింపవలెను. ఎండ హెచ్చినకొలది లోపలి ఒత్తిడియు హెచ్చును. ట్యాంకునకు తెల్లరంగు వేయుట ఇందులకే. వేడికి ద్రవము వ్యాకోచించును గనుక నూటికి 85 పాళ్లకు మించి నింపరాదు.

పొలమునకు బయలుదేరుటకు ముందు చూడవలసినవి:

1. రబ్బరు గొట్టము: పగుళ్లు, ఉబ్బులు, ఒరిపిడి గుర్తులు ఉన్నవా? దానిపై ముద్రించిన గడువు దాటినచో, పైకి బాగుగా కనబడినను మార్చవలెను.

2. రక్షణ వాల్వు: ఒత్తిడి మితిమీరినప్పుడు తనంతట తెరచుకొని ట్యాంకును కాపాడునది ఇదియే. తుప్పుగాని, పురుగుల గూళ్లుగాని దానిని మూయరాదు.

3. బిగింపులు: ఇత్తడిని, రాగిని అమ్మోనియా తినివేయును. వాని నెచ్చటను వాడరాదు.

4. అతుకులు: వెల్డింగు చేసిన చోట్ల పగులు, తుప్పు, సొట్ట ఉన్నవా?

5. నీరు: ట్యాంకు మీదనే సుమారు 19 లీటర్ల మంచినీరు సిద్ధముగా నుండవలెను.

ఈ నీరెందులకు? అమ్మోనియాకు నీరనిన మహాదాహము. ఒక పాలు నీరు సుమారు 700 పాళ్ల వాయువును తనలో కలుపుకొనగలదు. గొట్టము తెగినచో ఆ వాయువు తడిగల చోట్లనే వెదకుకొనును. అనగా కన్నులు, గొంతు, ఊపిరితిత్తులు. కంటబడిన తక్షణమే కనీసము 15 నిమిషములు నీటితో కడుగుచునే యుండవలెను. ఇల్లు చేరి కడుగుదమనుకొన్నచో చూపు దక్కకపోవచ్చును.

అయితే పైపై పరీక్ష యొక్కటే చాలదు. 2003 ఏప్రిల్ 15న అయోవాలోని కాలమస్ సమీపమున, నింపుచుండగా ఒక ట్యాంకు పగిలి ఇద్దరు కార్మికులు తీవ్రముగా గాయపడిరి. వారిలో ఒకరు తరువాత మరణించిరి. తయారీనాటి వెల్డింగు లోపమును, వాడుకలో నున్న కాలమున నియమిత పరీక్ష లేకపోవుటను కారణములుగా ప్రభుత్వ విచారణ తేల్చెను. లోపము లోహములో దాగియుండెను. దానిని వెదకువారు లేకపోయిరి.

మన ఇండ్లలో అమ్మోనియా ట్యాంకులు లేవు. యూరియా బస్తాలు, మందు కొట్టు పంపులు గలవు. బస్తాలు నేలతడి తగులక చెక్కలపై నున్నవా? తిండిగింజలకు, పశువుల మేతకు దూరముగా నున్నవా? పంపు గొట్టము కారుచున్నదా? ఈ ఆదివారము మీరే చూడుడు. తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటి: బిడ్డ యీ ప్రశ్నలడిగినప్పుడు విసుగుకొనక, వానితో కూడ ఒక్కసారి కొట్టము లోనికి నడువుడు.

ప్రశ్నలు

1. ట్యాంకును పూర్తిగా ఎందుకు నింపరాదు?

2. అమ్మోనియా కంటికి మిక్కిలి హాని చేయుటకు కారణమేమి?