త్రాగునీటిలో ఫ్లోరైడు: ధర్మపురి సీమ నేర్పే పాఠం

ధర్మపురి జిల్లా 1965 అక్టోబరు 2న సేలం జిల్లా నుండి వేరుపడినది. 2004 ఫిబ్రవరిలో దాని ఉత్తర భాగము కృష్ణగిరి జిల్లాగా ఏర్పడినది. మూడు రాష్ట్రాల అంచులు దగ్గరగా కలిసే సీమ ఇది. ఇంటిలో ఒక భాష, అంగడిలో మరొకటి, బడిలో వేరొకటి వినిపించడం ఇక్కడ సామాన్యము. తమిళము, తెలుగు, కన్నడము మాట్లాడే కుటుంబాలు ఒకే వీధిలో నివసిస్తూ, చాలాకాలము ఒకే బోరుబావి నీరు త్రాగినవి. ఆ నీటిలోని ఒక దోషము వారందరికీ ఉమ్మడి సమస్య అయినది. అదే ఫ్లోరైడు.

దోషము ఎచటి నుండి వచ్చును?

ఈ సీమ నేల అడుగున అతి ప్రాచీనమైన కఠిన శిలలు ఉన్నవి. నైస్, చార్నోకైట్, గ్రానైట్ జాతులకు చెందిన ఈ రాళ్ళలోని అపటైట్, అభ్రకము వంటి ఖనిజాలలో ఫ్లోరైడు కలిసి ఉంటుంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగి, అక్కడ ఏండ్ల తరబడి నిలిచినప్పుడు ఆ ఖనిజాల నుండి ఫ్లోరైడు మెల్లగా నీటిలోకి చేరుతుంది. నీటిలో క్షారగుణము ఎక్కువగా, కాల్షియము తక్కువగా ఉంటే ఈ కరుగుదల మరింత పెరుగుతుంది. వానలు తక్కువైన ఏడు బోరు లోతు పెంచుతారు. లోతైన పగుళ్ళలోని నీరు తరచుగా ఎక్కువ కాలము రాతితో కలిసి ఉన్న నీరే. కనుక నీటి కొరత, నీటి దోషము అనేక గ్రామాలలో జంటగా కనిపిస్తాయి.

ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి తెలియదు. తేటగా, చల్లగా ఉన్న నీటిలోనే అది మోతాదు మించి ఉండవచ్చును. కాచినందువలన అది పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

ఎంత వరకు క్షేమము?

భారతీయ ప్రమాణాల ప్రకారము త్రాగునీటిలో లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు అంగీకారయోగ్యము. వేరే నీటి వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు కూడ 1.5 మిల్లీగ్రాములే.

అయితే శరీరానికి చేరే మొత్తము, త్రాగే నీటి పరిమాణము మీద ఆధారపడి ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉన్న నీటిని నీడపట్టున పనిచేసేవారు రోజుకు 2 లీటర్లు త్రాగితే 3 మిల్లీగ్రాములు చేరుతుంది. ఎండలో కూలిపని చేసేవారు అదే నీటిని 5 లీటర్లు త్రాగితే 7.5 మిల్లీగ్రాములు చేరుతుంది. వేడి ప్రదేశాలలో ప్రమాణపు అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండరాదని ఈ చిన్న లెక్క తెలుపుతున్నది.

శరీరములో ఏమి జరుగును?

పసితనము నుండి సుమారు ఎనిమిదేండ్ల వరకు శాశ్వత దంతాల పింగాణి పొర రూపొందుతూ ఉంటుంది. ఆ కాలములో ఫ్లోరైడు అధికమైతే పొర సరిగా గట్టిపడదు. పండ్లు వచ్చిన తరువాత వాటిపై సుద్దవంటి తెల్లని మచ్చలు, తీవ్రమైన స్థితిలో పసుపు, గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఈ చారలు పంటికి అడ్డముగా, ఇరుప్రక్కల జంట పండ్లపై ఒకే తీరున ఉంటాయి. ఎంత తోమినా పోవు. తాంబూలపు కర అనో, శుభ్రత లేమి అనో వీటిని నిందించడము అన్యాయము. నోరు మూసుకొని నవ్వే బాలిక తన తప్పు ఏమీ లేకనే సిగ్గుపడుతున్నది.

పెద్దలలో ఏండ్ల తరబడి ఫ్లోరైడు ఎముకలలో పేరుకొనును. మొదట మెడ, నడుము, కీళ్ళ నొప్పులు, పిమ్మట బిగువు, తీవ్రమైనప్పుడు వెన్ను వంగి, తిరిగి చూడలేని స్థితి కలుగవచ్చును. ముదిరిన అస్థి వ్యాధిని పూర్వస్థితికి తెచ్చే చికిత్స లేదు. కాబట్టి నివారణమే ముఖ్యము.

పరిశోధన నడచిన దారి

ఈ వ్యాధిని మన దేశములో శాస్త్రీయముగా గుర్తించినది తెలుగు నేల మీదనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వ్యాపించిన ఫ్లోరోసిస్‌ను గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రకటించినారు. నేడు ఫ్లోరైడు బాధకు పేరుపడిన కనిగిరి, పొదిలి తాలూకాలు నాడు నెల్లూరు జిల్లాలోనివే. గ్రామస్థుల కీళ్ళ బిగువును, వారి బావినీటిని ఒకే ప్రశ్నలో కలిపి చూడడమే ఆ పరిశోధన విలువ.

1955లో నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ప్రాంతములో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి తాకే వైకల్యమును, దానితోబాటు ఎముకలు పలుచబడుటను లాన్సెట్ పత్రికలో వివరించినారు. నీటితోబాటు ఆహారమును కూడ పరిశీలించవలెనను ఆలోచనకు ఇట్టి అధ్యయనాలు బలము చేకూర్చినవి.

1970ల దశకములో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, నీటికి సున్నము, పటిక, బ్లీచింగ్ పొడి చేర్చి, కలిపి, తేర్చి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించినది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఖర్చు తక్కువే గాని, ప్రతి దినము సరియైన మోతాదు వేయుట, అడుగున పేరిన మడ్డిని జాగ్రత్తగా తొలగించుట తప్పనిసరి. ఆ శ్రద్ధ సడలినచోట యంత్రము ఉన్నా ప్రయోజనము నిలువదు.

కావేరి నీరు వచ్చిన తరువాత

నేల అడుగు నీరు దోషయుక్తమైనప్పుడు నదీజలమే మేలైన మార్గము. రాతి పగుళ్ళలో దీర్ఘకాలము నిలువక ప్రవహించే నీటిలో ఫ్లోరైడు సాధారణముగా తక్కువ. పెన్నాగరం తాలూకాలో, కర్ణాటక సరిహద్దున కావేరి దుముకే చోటు హొగెనక్కల్. కన్నడములో హొగె అనగా పొగ, కల్ అనగా రాయి. తెలుగువారికి ఆ మాట పరాయిది కాదు.

అక్కడి నీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగినది. ఆ యేడు రెండు రాష్ట్రాల నడుమ వివాదము కూడ రేగినది. జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ ఋణ సహాయముతో, సుమారు 1,928 కోట్ల రూపాయల అంచనాతో తమిళనాడు నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి చేపట్టిన ఈ పథకము 2013 మే నెలలో ప్రారంభమైనది. దాని పేరులోనే త్రాగునీటితోబాటు ఫ్లోరోసిస్ నివారణ అను మాట చేరి ఉన్నది. గొట్టము వేయుట సగము పని. ఆ నీటినే త్రాగే అలవాటు కలిగించుట మిగిలిన సగము.

గొట్టము పగిలినపుడు, విద్యుత్తు లేనపుడు, సరఫరా ఆలస్యమైనపుడు కుటుంబాలు మరల బోరును ఆశ్రయిస్తాయి. పెద్దలకు అది నాలుగు దినాల సర్దుబాటుగా తోచవచ్చును. కాని అట్టి దినాలు ఏడాది పొడవునా మరల మరల వస్తే, దంతాలు రూపొందుతున్న బిడ్డకు నష్టము కలుగును. ఆ వయస్సు తిరిగి రాదు. నిలువ చేసిన శుద్ధజలము పరిమితమైనపుడు త్రాగుటకు, వంటకు మాత్రమే దానిని ఉంచి, స్నానానికి, ఉతుకుటకు బోరునీరు వాడుట వివేకము. పిల్లలకు, గర్భిణులకు మొదటి వాటా దక్కవలెను.

ఇంటిలో చేయదగినవి

బోరునీటిని పరీక్ష చేయించవలెను. క్షేత్ర పరీక్ష పెట్టెలోని ద్రావకము ఫ్లోరైడు పెరిగినకొద్దీ ఎరుపు ఛాయ నుండి పసుపు వైపు మారుతుంది. హద్దు దగ్గర ఫలితము వచ్చినచో ప్రయోగశాలలో నిర్ధారించుకొనవలెను. ఒకే వీధిలోని రెండు బోర్లకు ఫలితాలు వేరుగా ఉండవచ్చును గనుక పొరుగింటి ఫలితము మన బోరుకు వర్తించదు.

ఆర్‌ఓ యంత్రము ఫ్లోరైడును చాలవరకు తగ్గించును. కాని అది వదిలే వ్యర్థజలములో ఫ్లోరైడు చిక్కబడి ఉండును. దానిని వంటకు, పశువులకు వాడరాదు.

ఆహారములో కాల్షియము, సి విటమిను తగినంత ఉండవలెను. ఈ సీమలో పండే రాగులు కాల్షియానికి ప్రసిద్ధి. ఔవైయారుకు అదియమాన్ ఇచ్చిన ఉసిరికాయ కథ ధర్మపురికి సొంతము. ఆ ఉసిరిలో సి విటమిను సమృద్ధిగా ఉన్నది. చింతపండు తిన్న బాలుర మూత్రములో ఫ్లోరైడు విసర్జన పెరిగినట్లు జాతీయ పోషకాహార సంస్థ వారు 2002లో ప్రకటించిన ఒక చిన్న అధ్యయనము తెలిపినది. ఇవన్నీ తోడ్పాటు మాత్రమే. దోషమున్న నీటిని త్రాగుతూ ఆహారముతో సరిపెట్టుకొనుట సాధ్యము కాదు.

అభ్యాసము

1. మీ ఇంట త్రాగుటకు, వంటకు వాడే నీరు ఎచటి నుండి వచ్చుచున్నది? సరఫరా ఆగిన దినాలలో ఏది వాడుచున్నారు?
2. మీ వీధి బోరుకు చివరిసారి పరీక్ష ఎప్పుడు జరిగినది? ఫలితము ఎచటనైనా వ్రాసి ఉంచినారా?
3. మీ ఇంటిలో ఎనిమిదేండ్ల లోపు పిల్లలు ఉన్నచో, వారు బడిలో, అంగన్‌వాడిలో త్రాగే నీరు ఏది?

మూడవ ప్రశ్నకు సమాధానము తెలియని తల్లిదండ్రులు రేపు బడికి వెళ్ళినపుడు అడిగి తెలుసుకొనవచ్చును. నెల్లూరు పల్లెలను గూర్చిన పరిశోధన వెనుక ఉన్న ప్రశ్న కూడ అట్టిదే: వీరు త్రాగుచున్న నీరు ఏది?