ట్రిగ్గర్ మార్చాలా? వేలు దిద్దుకోవాలా?

ఎన్.సి.సి. క్యాంపులో పాయింట్ టూటూ రైఫిలు పట్టిన ప్రతివారికీ ఒక మాట గుర్తుండే వుంటుంది: ట్రిగ్గర్‌ను గుంజకు, మెల్లగా నొక్కు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో చాలామంది విద్యార్థులకు తుపాకితో పరిచయం అంతవరకే. అక్కడినుండి ఒక అడుగు ముందుకు వేసి, పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలకు తయారయ్యే విద్యార్థికి కొన్నాళ్లకే ఒక సందేహం పట్టుకుంటుంది. తన చేతిలోది ఎవరో వాడి అమ్మిన మామూలు ట్రిగ్గర్ పిస్తోలు. పక్క లేన్‌లో కాలుస్తున్నవాని దగ్గర ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వుంది. వాని స్కోరు ఎక్కువ. "మనం కూడా ట్రిగ్గర్ మార్పిస్తే?" అని మనసు పీకుతుంది. ఆ డబ్బు ఇంట్లో పత్తి అమ్మిన డబ్బో, నాన్నకు బొగ్గుగనిలో వచ్చిన జీతమో కావచ్చు. కనుక ఈ ప్రశ్నను కాస్త లెక్కతో చూడడం అవసరం.

ముందుగా గురి సంగతి. ఈ పోటీలో టార్గెట్ మధ్యన వుండే పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు చొక్కా గుండీ అంత. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు వలయాన్ని తాకినా పదే ఇస్తారు గనుక, కేంద్రం నుండి 8 మిల్లీమీటర్ల దాకా మనకు వెసులుబాటు వుంది. ఇప్పుడు పిస్తోలు ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య దూరం 330 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒకదానితో పోలిస్తే రెండోది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల అవతల పెల్లెట్ 30 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అంటే పదిలోనుండి బయట పడడానికి సైటు పావు మిల్లీమీటరు కదిలితే చాలు! వేలు ట్రిగ్గర్‌ను నొక్కే ఆ క్షణంలోనే ఈ పావు మిల్లీమీటరు జారిపోతుంది. ట్రిగ్గర్‌కు ఇంత గొప్పతనం వచ్చింది అందుకే.

పోటీ పిస్తోలు ట్రిగ్గర్‌లో రెండు దశలుంటాయి. మొదటి దశలో వేలు కొంత దూరం నడిచి ఒకచోట ఆగుతుంది. రెండో దశలో అక్కడినుండి ఇంకొంచెం బరువు పెడితే లోపలి సియర్ అనే కొక్కెం వూడి పిస్తోలు పేలుతుంది. పేలిన తరువాత వేలు ఇంకా వెనక్కి పోకుండా ఆపే స్క్రూ ఒకటి వుంటుంది. అంతర్జాతీయ నియమం ప్రకారం ఎయిర్ పిస్తోలు ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. 25 మీటర్ల పిస్తోలుకైతే 1000 గ్రాములు. ఎంత ఖరీదైన ట్రిగ్గర్ తెచ్చినా ఈ బరువు తగ్గదు. కొత్త ట్రిగ్గర్ అమ్మేది తేలికదనాన్ని కాదు, ప్రతిసారీ ఒకే తీరుగా వూడే గుణాన్ని. ఈ సంగతి తెలియకుండానే చాలామంది కొంటారు.

మరి మన ట్రిగ్గర్ ఒకే తీరుగా వూడుతున్నదా లేదా? ఇంట్లోనే చూసుకోవచ్చు. అరకిలో తూకం సరిగ్గా వున్న ఇసుక సంచికి తీగ కొక్కెం కట్టండి. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, గొట్టం నిలువుగా పైకి వుంచి, కాక్ చేసిన పిస్తోలు ట్రిగ్గర్‌కు తగిలించి మెల్లగా పైకెత్తండి. పదిసార్లు చేయండి. పదిసార్లూ మోస్తే సరే. నాలుగుసార్లు మోసి ఐదోసారి పేలితే తప్పు యంత్రానిది. స్క్రూలు వదులు కావడమో, సియర్ అంచు అరగడమో జరిగి వుంటుంది. అప్పుడు మరమ్మతు చేయించాలి, అవసరమైతే మార్చాలి. ఇంట్లో ఆకురాయి పట్టుకుని ఆ అంచును సొంతంగా రుద్దే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. సియర్ పట్టు తగ్గిన పిస్తోలు వేలు తగలకుండానే పేలవచ్చు.

బరువు సరిగ్గా వుంటే వేలిని పరీక్షించాలి. తెల్లగోడ ముందు నిలబడి పెల్లెట్ లేకుండా నొక్కుతూ ముందు సైటునే చూడండి (పాతకాలపు స్ప్రింగు పిస్తోళ్లను ఖాళీగా పేల్చరాదు, పాడవుతాయి). సైటు అంతసేపూ నిలకడగా వుండి పేలే క్షణాన మాత్రమే ఎగిరిపడుతుంటే అది గుంజుడు. కుడిచేతివాటం వారికి అలాంటి దెబ్బలు ఎక్కువగా ఎడమపక్క కిందికి పడతాయి. అన్ని దెబ్బలూ ఒకేచోట గుమిగూడి, ఆ గుంపు మధ్యనుండి తప్పితే సైటు దిద్దుకోవాలి. దెబ్బలు నలుదిక్కులా చెదిరితే చెయ్యి నిలవడం లేదన్నమాట. ఈ మూడింటికీ కొత్త ట్రిగ్గర్ మందు కాదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే మిత్రుని పిస్తోలు అడిగి కాల్చి చూడండి. అయితే ఒక్కరోజు ఫలితం నమ్మవద్దు. స్టాటిస్టిక్స్ చదివే మిత్రులకు ఇది వెంటనే తడుతుంది. ఒక విద్యార్థి ఐదు రోజులు అరవై దెబ్బల చొప్పున కాల్చి 538, 549, 541, 552, 544 తెచ్చాడనుకుందాం. వాని స్కోరు ఏ మార్పూ లేకుండానే 14 పాయింట్లు వూగుతున్నది. మిత్రుని పిస్తోలుతో ఒకరోజు 550 వస్తే అందులో ట్రిగ్గర్ మహిమ ఎంతో ఎవరు చెప్పగలరు? రెండు పిస్తోళ్లతోనూ మార్చి మార్చి పదేసి రోజులు కాల్చి, సగటు స్పష్టంగా పెరిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌ను తక్కువ చేయనవసరం లేదు. అరిగే లోహపు అంచులు తక్కువ, వూడే తీరు శుభ్రంగా వుంటుంది. కానీ బ్యాటరీ, తీగలు, స్విచ్చి వచ్చి చేరతాయి. యంత్రం ఎప్పుడు మొండికేస్తుందో చెప్పలేం. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్తోలు కాకింగ్ లివర్ పోటీ మధ్యలో విరిగింది. బాగుచేయించి తిరిగి వచ్చేసరికి 36 నిమిషాల్లో 44 దెబ్బలు కాల్చవలసి వచ్చింది. 575తో పన్నెండో స్థానం. ఫైనల్ రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయింది. ఆమె 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచిందనుకోండి. టోక్యోలో పక్కన కోచ్ వున్నాడు, మరమ్మతుకు మనిషి వున్నాడు. మన భూపాలపల్లి విద్యార్థికి అలాంటిది జరిగితే పిస్తోలు సంచిలో పెట్టుకుని హనుమకొండ మీదుగా హైదరాబాదు పోవాలి. బాగుచేసే మనిషి ఎంత దూరంలో వున్నాడన్నది కూడా లెక్కలోకి రావాలి.

పారిస్‌లోనే టర్కీ షూటర్ యూసుఫ్ డికేచ్ జేబులో చెయ్యి పెట్టుకుని రజతం గెలిచిన ఫోటో అందరూ చూశారు. సామాను లేకుండానే గెలిచాడని జనం మెచ్చుకున్నారు. ఆయన పెట్టుకోనివి కంటి కప్పులూ, ప్రత్యేక అద్దాలూ మాత్రమే. చేతిలోది పోటీ పిస్తోలే! మంచి పనిముట్టు అక్కరలేదని నేను చెప్పడం లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయిందంటే, అందులో మంచి పిస్తోలూ వుంది, వేల దెబ్బల సాధనా వుంది.

నా లెక్క ప్రకారం డబ్బు చేతిలో వుంటే ముందు పిడికి ఖర్చు పెట్టాలి. అరచేతికి అతకని పిడితో ఏ ట్రిగ్గరూ తిన్నగా నొక్కబడదు. ట్రిగ్గర్ నాలుకను ముందుకు వెనక్కి జరుపుకునే ఏర్పాటు చాలా పిస్తోళ్లలో వుంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ తరువాత పెల్లెట్లు, రేంజికి బస్సు ఛార్జీలు. ఇసుక సంచి పరీక్షలో పిస్తోలు తప్పితేనో, ఇరవై రోజుల స్కోర్ల పుస్తకం కొత్తదే మేలని చెబితేనో ట్రిగ్గర్ మార్చండి. మార్చినవారు పోటీకి పోయేముందు బరువు మళ్లీ తూచుకోవాలి. పోటీ తరువాత జరిపే తనిఖీలో 500 గ్రాములు మోయలేకపోతే ఎంత మంచి స్కోరైనా లెక్కకు రాదు.