పొరల వంశచిత్రము

మారిషస్ ద్వీపమున మోకాయందు మహాత్మా గాంధీ సంస్థ కలదు. 1834వ సంవత్సరము తరువాత ఒప్పందపు కూలీలుగా ఈ ద్వీపమునకు వచ్చిన భారతీయుల దాఖలాలు అచ్చట భద్రపరుపబడి యున్నవి. వానిలో కూలీల ముఖచిత్రములును కలవు. తమ ముత్తాత చిత్రము అందు దొరకిన కుటుంబమునకు ఆయనను తమ నడుమ కూర్చుండబెట్టుకొనవలెనను కోరిక కలుగుట సహజము. కంప్యూటరు సహాయముతో ఒక ఛాయాచిత్రముపై మరియొకటి పొరలుగా అమర్చి, నాలుగైదు తరములవారిని ఒకే చట్రములో చూపుట నేడు సాధ్యమే.

ఈ విద్య క్రొత్తది కాదు. 1857లో ఇంగ్లండునందు ఆస్కార్ రెయ్‌లాండర్ అను ఛాయాచిత్రకారుడు దాదాపు 30 నెగటివులను కలిపి ఒకే పెద్ద చిత్రమును ముద్రించెను. నాడు చీకటిగదిలో వారముల తరబడి చేసిన పని నేడు ఫోటోషాప్, గింప్ వంటి సాధనములతో ఇంటిలోనే ముగియుచున్నది. ఫోటోషాపునకు పొరల సౌకర్యము 1994లో వచ్చినది. గింప్ వెల లేకయే లభించును. సాధనమును నేర్చుట పెద్ద కష్టము కాదు. కష్టమంతయు పాతచిత్రమును చదువుటలో నున్నది.

ఆ చిత్రము ఎందులకు తీయబడినదో ముందు తెలిసికొనవలెను. ఒప్పందము ముగిసినవారిని నాటి ప్రభుత్వము ‘పాత వలసదారులు’ అని పిలిచెడిది. వారు ముఖచిత్రము అంటించిన టిక్కెట్టును ఎల్లప్పుడు వెంట నుంచుకొనవలెనని 1867 నాటి చట్టము శాసించినది. అది చూపలేనివారిని పోలీసులు పట్టుకొనుచుండిరి. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోట నిర్వాహకుడు వేలాదిమంది కూలీల పక్షమున మనవిపత్రము సిద్ధపరచి గవర్నరునకు సమర్పించెను. 1872లో రాయల్ కమిషన్ విచారణకై ద్వీపమునకు వచ్చినది. కనుక అట్టి చిత్రము ఇంటిగోడకై ముచ్చటపడి తీయించుకొన్నది కాదు. అందు ఆయన ప్రక్కన భార్య లేదు, ఒడిలో బిడ్డ లేడు. వంశచిత్రమువలన తీరవలసిన లోటు అదియే.

ఇక ఆ చిత్రపు రంగును గూర్చి. ఆ కాలపు గాజుపలక నీలికాంతిని చక్కగా గ్రహించును. ఎరుపు, పసుపు రంగులు మాత్రము దానికి చీకటితో సమానము. అందువలన చామనచాయ ముఖము ఉన్నదానికంటె నల్లగా పడినది. కుంకుమబొట్టు మసిబొట్టువలె కానవచ్చును. పసుపుపచ్చని చీర ముదురుచీర యగును. “మన ముత్తాత ఇంత నల్లనివాడా!” అని ఆశ్చర్యపడువారు ఈ సంగతిని గుర్తింపవలెను. అట్లని ముఖమును తెల్లబరచుటయు తగదు. నీడలలోని వివరములు తేటపడునంతవరకు మాత్రమే వెలుగు పెంచవలెను. ఇక ముఖములోని బిగువు కోపము కాకపోవచ్చును. చిత్రము తీయునప్పుడు కొన్ని క్షణములపాటు కదలక నిలువవలసి వచ్చెడిది.

పాతచిత్రమును అంగుళమునకు 600 చుక్కల సాంద్రతతో, మరీ చిన్నదైనచో 1200 చుక్కలతో స్కాను చేసి, టిఫ్ రూపమున దాచవలెను. తరువాత నేటి కుటుంబమును చిత్రింపవలెను. ఉగాదినాడో, సింహాద్రి అప్పన్న పూజకో అందరును కూడుదురు గనుక అది అనువైన సమయము. ముత్తాత ముక్కునీడ ఏ ప్రక్కకు పడినదో చూచి, వెలుగు దానికి ఎదుటి దిక్కునుండి వచ్చునట్లు కిటికీ చెంత అందరిని నిలుపవలెను. కెమెరా కన్నుల ఎత్తున నుండవలెను. నడుమ ఒక కుర్చీ ఖాళీగా విడువవలెను.

కంప్యూటరులో నేటి చిత్రము అడుగుపొర. పూర్వులది దానిపై పొర. పూర్వుని చుట్టునున్న భాగమును చెరిపివేయరాదు, మాస్కుతో కప్పవలెను. మాస్కుపై నలుపు పూసినచోట చిత్రము మరుగగును, తెలుపు పూసినచోట మరల కనిపించును. తప్పు జరిగినను దిద్దుకొనవచ్చును. తలల పరిమాణము సరిచూచిన పిమ్మట అన్ని పొరలకు ఒకే గోధుమవన్నె ఈయవలెను. పాతదానిని తోమి నునుపు చేయుటకంటె క్రొత్తదానికి కొంత గరుకుదనము చేర్చుట మేలు.

కృత్రిమ మేధతో మసకబారిన ముఖమును తేటపరచు సాధనములు నేడు విరివిగా నున్నవి. అవి కంటిరెప్పలను, పలువరుసను గూడ చూపగలవు. కాని మూలములో లేని వివరమును అవి ఊహించి చేర్చుచున్నవి. ఆ కన్నులు ముత్తాతవి కావు. మనుమలు ఆ ముఖములో తమ పోలికలు వెదకుకొందురు గదా! ఊహాముఖములో దొరకు పోలికవలన ప్రయోజనమేమి? మసకగా నున్నను ఉన్నముఖమే ఉండవలెను.

ముత్తవ్వ సంగతి మరింత కఠినమైనది. ముత్తాత చిత్రము దొరకిన ఇంట ఆమె చిత్రము దొరకకపోవచ్చును. ఏదో స్త్రీముఖమును అరువు తెచ్చి ఆయన ప్రక్కన నిలుపుట బంధుత్వమును కల్పించుటయే యగును. ఆమె చోటు ఆమెకే విడిచి, పేరు తెలిసినచో అచ్చట తెలుగులిపిలో వ్రాయవలెను. ఆమె చీరగాని, ముక్కుపుడకగాని ఇంటిలో మిగిలియున్నచో దానిని చిత్రించి ఆ చోట పొరగా నుంచవచ్చును.

చిత్రముతో కూడ దొరకిన సంఖ్యను తీసివేయుదమని కొందరందురు. ఆ సంఖ్య అవమానచిహ్నమని వారి భావము. ఆ భావము గౌరవింపదగినదే. కాని ఆ సంఖ్యను బట్టియే దాఖలాలలో ఆయన తండ్రిపేరు, గ్రామము, వచ్చిన ఓడ వెదకవలసియుండును. ముఖముపై అవసరము లేదు. చట్రము వెనుక వ్రాసిన చాలును. దాని ప్రక్కనే గుమాస్తా వ్రాసిన పేరును అతడు వ్రాసినట్లే వ్రాసి, ఇంటిలో పలుకు పేరును తెలుగులో చేర్చవలెను. ముత్తాత పేరే తరువాతివారికి ఇంటిపేరైన కుటుంబములు ఈ ద్వీపమున కలవు. అట్టివారికి అసలు ఇంటిపేరు తెలిసియున్నచో, దానినిగూడ వ్రాయుటకు ఇదియే తగిన స్థలము.

అచ్చువేయించుటకు పొరలన్నియు కలిసిన ప్రతి వేరుగా నుండవలెను. పొరలు విడివిడిగా నున్న మూలప్రతిని రెండుచోట్ల, వేర్వేరు ఇండ్లలో భద్రపరుపవలెను. రేపు ఏ పినతండ్రి పెట్టెలోనో ముత్తవ్వ చిత్రము బయటపడవచ్చును; అప్పుడు ఆమె పొరను ఆ ఖాళీచోట చేర్చిన చాలును.