పోటీ పరీక్షలలో ఆంగ్ల పదములు, వ్యాకరణము : అంగడి పిల్లలకు ఒక పాఠము

మన కుటుంబములలో పిల్లలకు లెక్కలు నేర్పనక్కరలేదని అందరును అందురు. గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి పెరిగిన పిల్లవాడు వడ్డీ, లాభశాతము, తూకము నోటితోనే చెప్పివేయును. అట్టివాడు బ్యాంకు ఉద్యోగపు పరీక్షకు పోయి, గణితములో మంచి మార్కులు తెచ్చుకొని, ఆంగ్లములో కనీసపు హద్దు దాటలేక వెనుకకు వచ్చుట నేను పలుమార్లు చూచితిని. బ్యాంకు నియామకములు జరుపు ఐ.బి.పి.ఎస్. సంస్థ తన ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షలో ఒక్కొక్క విభాగమునకు వేరువేరుగా కనీస మార్కులు విధించును. గణితములో మిగిలినది ఆంగ్లములోని లోటుకు జమ కట్టరు. ఒకరి ఖాతాలోని నిలువను వేరొకరి బాకీకి చెల్లు వ్రాయరాదు గదా, ఇదియు నట్టిదే.

ఆంగ్లము మన పిల్లలకు రాక కాదు. ఇంటిలో ఒక భాష, అంగడిలో మరియొక భాష, బడిలో ఇంకొకటి మాటలాడుచు బళ్లారిలోను, బరంపురములోను, షోలాపురములోను పెరిగిన పిల్లలకు భాషలన్న భయము లేదు. చిక్కు మరియొకచోట నున్నది. వారు తెలుగులో తలచి ఆంగ్లములో వ్రాయుదురు. ఆ తప్పులు ఏవో కొన్నియే, మరల మరల అవియే. వానిని పేరుపేరున గుర్తించి పట్టుకొన్నచో పని సగము తీరినట్లే.

మొదట పరీక్ష ఏ రాళ్ళతో తూచునో తెలిసికొనవలెను. 2025లో ఐ.బి.పి.ఎస్. ప్రొబేషనరీ ఆఫీసరు ప్రాథమిక పరీక్షలో ఆంగ్లమునకు 30 ప్రశ్నలు, 30 మార్కులు, 20 నిమిషములు. తప్పు సమాధానమునకు ఆ ప్రశ్న మార్కులో నాల్గవ వంతు కోత. అదే సంవత్సరము స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి పట్టభద్రుల స్థాయి పరీక్ష మొదటి అంచెలో ఆంగ్లమునకు 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పునకు అర మార్కు కోత. ఈ అంకెలు మారుచుండును గనుక ఏ సంవత్సరము వ్రాయుదురో ఆ సంవత్సరపు ప్రకటనను చూచుకొనుడు.

ఇక వ్యాపారి లెక్క వేయుదము. ఐదు సమాధానములలో ఒకటి ఎన్నుకొనవలసినచోట, ఏమియు తెలియక ఐదు ప్రశ్నలకు గుడ్డిగా గురుతు పెట్టినచో, సగటున ఒకటి తగులును, నాలుగు తప్పును. వచ్చినది ఒక మార్కు, పోయినది ఒక మార్కు. శ్రమ దండుగ. కాని ఐదింటిలో రెండు తప్పని తెలిసి కొట్టివేయగలిగినచో, అట్టి మూడు ప్రశ్నలలో ఒకటి తగిలి, రెండు తప్పినను, అర మార్కు లాభము మిగులును. కమిషన్ వారి పరీక్షలో నాలుగే సమాధానములు, ఒప్పునకు రెండు మార్కులు గనుక గుడ్డి బేరమున కూడ స్వల్పలాభము కలదు. దీనివలన తెలియునది యేమనగా, పూర్తిగా రాని పదమునకు కూడ వెల కలదు. అర్థము సరిగా చెప్పలేకపోయినను, అది మంచి మాటయా చెడ్డ మాటయా, మనిషికి చెప్పునదా వస్తువునకు చెప్పునదా అన్నంత తెలిసియున్న చాలును, రెండు సమాధానములు కొట్టివేయవచ్చును.

పదముల సంగతి. చాలమంది పిల్లలు ఒక లావుపాటి పదముల పుస్తకము కొని, ‘అబాండన్’తో మొదలుపెట్టి, ‘బి’ అక్షరము చేరులోపలనే దానిని నిజముగానే అబాండన్ చేయుదురు. అకారాది క్రమము వెదకుటకు గాని నేర్చుటకు కాదు. పదములను కుటుంబములుగా నేర్చుకొనుడు. మనకు అంగడి మాటలతో మొదలుపెట్టుట తేలిక, ఏలయన వానిలో సగము మన చెవికి పాతవే.

‘క్రెడిట్’ అను మాట మనకు నిత్యము వాడుకయే. లాటిను భాషలో దాని మూలమునకు నమ్ముట అని అర్థము. అరువు నిచ్చుట అనగా నమ్ముటయే గదా. అదే మూలమునుండి ‘క్రెడిబుల్’ అనగా నమ్మదగినది, ‘క్రెడ్యులస్’ అనగా ఏది చెప్పినను నమ్మువాడు. ఇక్కడ పరీక్షకులకు ప్రియమైన ఉచ్చు ఒకటి కలదు. ‘ఇన్‌క్రెడిబుల్’ నమ్మశక్యము కాని విషయము. ‘ఇన్‌క్రెడ్యులస్’ నమ్మని మనిషి. సరుకు ధర ఇన్‌క్రెడిబుల్ కావచ్చును, ఆ ధర విన్న గిరాకీ ఇన్‌క్రెడ్యులస్.

‘పెండెరే’ అను లాటిను క్రియకు తూచుట, చెల్లించుట అను రెండర్థములును కలవు. పూర్వము లోహమును తూచియే చెల్లించెడివారు. వెండి బంగారముల వారికి ఈ మాట చెప్పనక్కరలేదు. దానినుండియే ‘ఎక్స్‌పెన్స్’, ‘స్పెండ్’, ‘పెన్షన్’, ‘కాంపెన్సేట్’ వచ్చినవి. మనస్సులో తూచుకొనుచు మౌనముగా కూర్చున్నవాడు ‘పెన్సివ్’. త్రాసు వ్రేలాడును గనుక దగ్గరి చుట్టములైన ‘పెండింగ్’, ‘సస్పెండ్’, ‘ఇంపెండింగ్’ అనువానిలో వ్రేలాడుట అను అర్థము నిలిచినది. అట్లే ‘సాల్వెంట్’ బాకీలు తీర్పగలవాడు, ‘ఇన్‌సాల్వెంట్’ తీర్పలేక దివాలా ఎత్తినవాడు; విప్పుట అను ఆ మూలమునుండియే ‘డిజాల్వ్’, ‘అబ్జాల్వ్’, ‘రిజాల్వ్’. ఇట్లు నాలుగు మూలములు పట్టుకొన్నచో ముప్పది పదములు వెంట వచ్చును.

అయినను మూలమును గ్రుడ్డిగా నమ్మరాదు. ‘ఇన్‌వాల్యుబుల్’ అనగా వెలలేని పనికిమాలిన వస్తువు కాదు, వెల కట్టలేనంత విలువైనది. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాసిన డబ్బా సులభముగా మంట నంటుకొనునది, అంటుకొననిది కాదు. ఈ రెండును వేరుగా కంఠస్థము చేయుడు.

వ్యతిరేకార్థము నిచ్చు ఉపసర్గల విషయమున జైనుల ఇంట పుట్టిన పిల్లలకు ఒక సౌకర్యము కలదు. మన మాటలలో హల్లుకు ముందు ‘అ’ వచ్చును: అహింస, అపరిగ్రహము. అచ్చుకు ముందు అదే ‘అన్’ అగును: అన్, ఏక కలిసి అనేక, దానినుండి అనేకాంతము. గ్రీకునుండి ఆంగ్లమునకు వచ్చిన మాటలలో సరిగా ఇదే నియమము. ‘ఎథీయిస్ట్’ హల్లుకు ముందు. ‘అనార్కీ’, ‘అనానిమస్’ అచ్చుకు ముందు. సంస్కృతమును, గ్రీకును దగ్గరి భాషలు గనుక ఇట్లయినది. లాటిను ‘ఇన్’ కూడ సంధి చేసికొనును: ‘ఇంపాసిబుల్’, ‘ఇల్లీగల్’, ‘ఇర్రెగ్యులర్’.

పర్యాయపదములను ఒకచోట కూర్చి వల్లించుట మనకు క్రొత్త విద్యయు కాదు. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యుడు అభిధాన చింతామణిలో పర్యాయపదములను, అనేకార్థ సంగ్రహములో నానార్థములను కూర్చెను. ఒక వస్తువునకు పలు పేర్లు ఒక పుస్తకము, ఒక పేరునకు పలు అర్థములు మరియొక పుస్తకము. నేటి ప్రశ్నపత్రములోని పదముల ప్రశ్నలు చాలవరకు ఈ రెండు గదులలోనివే.

కాని పర్యాయములన్నియు ఒకే బరువు కావు. ‘ఫ్రూగల్’, ‘థ్రిఫ్టీ’, ‘స్టింజీ’, ‘మైజర్లీ’ అను నాలుగును డబ్బు తక్కువగా ఖర్చుచేయు మనిషిని చెప్పునవే. మొదటి రెండు మెప్పు, తరువాతి రెండు తిట్టు. పొదుపరికిని పిసినారికిని భేదము మన ఇండ్లలో ఐదేండ్ల పిల్లకు కూడ తెలియును. ‘ఫ్రూగల్’కు సమానార్థ మడిగి ‘స్టింజీ’, ‘ఎకనామికల్’ రెండును ఇచ్చినచో రెండవదియే ఒప్పు. పదము నేర్చునపుడు అర్థము ప్రక్కన మెప్పో తిట్టో ఒక గురుతు వేసికొనుడు.

ఇక వ్యాకరణము. ఇందులో అన్నిటికంటె ఖరీదైన తప్పు మన ‘నుంచి’వలన వచ్చుచున్నది. ‘పది ఏండ్లనుంచి ఈ ఊరిలో వ్యాపారము చేయుచున్నాము’ అని తెలుగులో అందుము. దానిని ‘వుయ్ ఆర్ డూయింగ్ బిజినెస్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వ్రాయుదురు. ఇందులో రెండు తప్పులు. మొదలైన క్షణమునకు ‘సిన్స్’, గడచిన కాలపు పొడవునకు ‘ఫర్’. 2010 నుంచి అన్నచో ‘సిన్స్’. పది ఏండ్లనుంచి అన్నచో ‘ఫర్’. తెలుగు రెంటికిని ఒక్క ‘నుంచి’తో సరిపెట్టుకొన్నది. రెండవది క్రియ. నాడు మొదలై నేటికిని సాగుచున్న పనిని మనము వర్తమానములో చెప్పుదుము. ఆంగ్లమునకు అది చాలదు, ‘హావ్ బీన్ డూయింగ్’ అనవలెను. తప్పు పట్టు ప్రశ్నలో ‘సిన్స్’ గాని ‘ఫర్’ గాని కనబడగానే ఈ రెండును చూడవలెను.

‘గురించి’ కూడ ఇట్టిదే. ధర గురించి చర్చించితిమి అందుము గనుక ‘డిస్కస్డ్ అబౌట్ ది ప్రైస్’ అని వచ్చును. ‘డిస్కస్’ తరువాత ఏ విభక్తి మాటయు రాదు. ‘రీచ్’ తరువాత ‘టు’ రాదు. గదిలోనికి ప్రవేశించునపుడు ‘ఎంటర్’ తరువాత ‘ఇన్‌టు’ రాదు, ఒప్పందములోనికి దిగునపుడు మాత్రము వచ్చును. ‘సీనియర్’, ‘సుపీరియర్’, ‘ప్రిఫర్’ అనువాని తరువాత ‘దాన్’ కాదు, ‘టు’.

‘ప్రతి ఒక్కరు వచ్చిరి’ అని మనము మర్యాదకు బహువచనము వాడుదుము. ఆంగ్లములో ‘ఈచ్’, ‘ఎవ్రీ’ ఏకవచనమే: ‘ఈచ్ ఆఫ్ ది పార్టనర్స్ హాజ్’. డబ్బు మొత్తమును ఒక కుప్పగా చూతురు గనుక ‘టెన్ థౌజండ్ రూపీస్ ఈజ్’ అనియే ఒప్పు. నోటు మాత్రము ‘టెన్ రూపీ నోట్’, బస్తా ‘ఫైవ్ కిలో బ్యాగ్’; ముందు నిలిచి విశేషణమైన కొలతకు బహువచనము పోవును. ‘ఫర్నిచర్’, ‘లగేజ్’, ‘మెషినరీ’, ‘ఇన్ఫర్మేషన్’ అనువానికి చివర ‘ఎస్’ తగిలింపరాదు; మన బజారు బోర్డులను చూచి నేర్చుకొన్నచో ఈ మార్కు పోయినట్లే.

‘ఎ’, ‘ఎన్’ అను వాని విషయమున తెలుగు లిపి గొప్ప సహాయము చేయును. అనుమానము వచ్చినపుడు తరువాతి మాటను తెలుగులో వ్రాసి చూడుడు. అచ్చుతో మొదలైనచో ‘ఎన్’, హల్లుతో మొదలైనచో ‘ఎ’. అవర్ అన్న మాటకు ముందు ‘ఎన్’. యూనివర్సిటీకి ‘య’ ముందున్నది గనుక ‘ఎ’. వన్ రూపీ కాయిన్‌కు ‘వ’ ఉన్నది గనుక ‘ఎ’. ఎం.ఎల్.ఏ.కు ‘ఎన్’. ఒక్కటే జాగ్రత్త: ఎగ్‌ను ‘యెగ్గు’ అని, ఓల్డ్‌ను ‘వోల్డ్’ అని పలుకు అలవాటున్నవారు ముందు ఉచ్చారణ దిద్దుకొనవలెను.

కర్మణి ప్రయోగము, పరోక్ష కథనము ఏ వ్యాకరణ పుస్తకములోనైన బాగుగనే ఉండును. వారము దినముల అభ్యాసముతో వచ్చును. వర్ణక్రమములో ఒకే ఉచ్చారణ గల జంటలు చూచుకొనుడు. అసలు, వడ్డీ అన్నప్పటి అసలు ‘ప్రిన్సిపల్’ చివర పి, ఏ, ఎల్. నియమమను అర్థము గల ‘ప్రిన్సిపుల్’ చివర పి, ఎల్, ఇ. కాగితములు, కలములు అమ్ము ‘స్టేషనరీ’లో చివర ఇ, ఆర్, వై, కదలక నిలిచినదను ‘స్టేషనరీ’లో ఏ, ఆర్, వై.

ఇదంతయు చదివిన మాత్రమున నిలువదు. రెండు పుస్తకములు పెట్టుకొనవలెను, అంగడిలో వలెనే. మొదటిది చిట్టా. ప్రతిదినము చేసిన తప్పులను వచ్చిన వరుసలోనే, మొత్తము వాక్యముతో వ్రాయవలెను. రెండవది ఖాతాల పుస్తకము. చిట్టాలోని తప్పును దాని ఖాతాకు ఎక్కింపవలెను: నుంచి ఖాతా, ఆర్టికల్ ఖాతా, ప్రతి ఖాతా, మెప్పు-తిట్టు ఖాతా. ఆదివారము నాడు ఏ ఖాతాలో బాకీ పెరిగినదో చూచి, వచ్చు వారము దానికే ఎక్కువ కాలము కేటాయింపవలెను. సాయంకాలము ప్రతిక్రమణము చేయు పెద్దల నడుమ పెరిగినవారికి, దినము ముగియునపుడు వెనుకకు తిరిగి తప్పులు చూచుకొనుట క్రొత్త కాదు. రెండును ఒకటియని నేను చెప్పుట లేదు, అలవాటు మాటే చెప్పుచున్నాను.

కాలము కూడ ఇంటిలోనిదే తీసికొండు. సామాయికమునకు 48 నిమిషములు కదలక కూర్చుండుట మనవారికి వచ్చును. చదువునకు కూడ అంతే నిడివి గల వేరొక ఆసనము చాలును. అందులో 20 నిమిషములు గడియారము పెట్టుకొని, నిఘంటువు ముట్టక 30 ప్రశ్నలు. మిగిలిన 28 నిమిషములు తప్పులు చిట్టాకెక్కించుట. ఫోను వేరొక గదిలో ఉండవలెను. చదువుటకు పత్రికలోని వ్యాపారపు పుట మంచిది. పత్తి ధర, బంగారము ధర, జి.ఎస్.టి. సంగతి ముందే తెలిసియుండును గనుక తెలియని పదము సందర్భమువలన దానంతట విడిపోవును.

తల్లిదండ్రులకు ఒక మనవి. పరీక్షకు ముందు మూడు నెలలు సాయంకాలపు గిరాకీ వేళ పిల్లవానిని అంగడికి పిలువకుడు. ఆడపిల్ల వ్రాయుచున్నచో ఇంటికి వచ్చిన చుట్టముల కొరకు ఆమెను పుస్తకము దగ్గరనుండి లేపకుడు. అబ్బాయికి రోజుకు 48 నిమిషములు దొరకి, అమ్మాయికి దొరకని ఇండ్లు నాకు తెలియును. అంగడికి ఒక మనిషిని మూడు నెలలు పెట్టుకొను జీతము కోచింగు రుసుముతో పోల్చి చూడుడు, పిమ్మట మాటలాడుదము.

చివరి పది దినములు క్రొత్త పదములు ముట్టరాదు. ఖాతాల పుస్తకమే చదువవలెను. పరీక్షనాడు ఆ 20 నిమిషములలో మొదట పదముల ప్రశ్నలు, తప్పు పట్టు ప్రశ్నలు ముగించి, దీర్ఘమైన గద్యభాగమును తరువాత తీసికొనుడు. రెండు సమాధానములు కొట్టివేయగలిగిన ప్రశ్నకు గురుతు పెట్టుడు; ఒక్కటియు కొట్టివేయలేనిచో దానిని ఖాళీగా విడిచి ముందుకు పొండు.